రెండవ చుట్ట వ్రాసిన చేయి

ధ్యానభాగము: యిర్మీయా 36, 45 అధ్యాయములు



యిర్మీయా గ్రంథములో అయిదు వచనములు మాత్రమే గల ఒక చిన్న అధ్యాయమున్నది. అది 45వ అధ్యాయము. దాని తరువాత ఐగుప్తు మొదలుకొని బబులోను వరకు జనములమీద దేవుని తీర్పులు ఉరుములవలె ధ్వనించును. ఆ ఉరుములు మొదలు కాకమునుపు ఒక లేఖికుని నిట్టూర్పు మనకు వినబడుచున్నది. రాజ్యములను పెల్లగించు దేవుడు ఒక క్షణము ఆగి, సిరా మరకలంటిన వ్రేళ్లుగల ఒక మనుష్యుని పేరు పెట్టి పిలిచి, అతనితో మాటలాడుచున్నాడు. ఆ మనుష్యుడు బారూకు.

క్రొత్త సంవత్సరపు గుమ్మమున నిలిచియున్న మనము ఈ బారూకు ప్రక్కన కొంతసేపు కూర్చుండుట మేలు. ఏలయనగా సంఘములో బోధించువారు కొందరే, బారూకులు అనేకులు. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠము చెప్పువారు, రోగుల మంచము ప్రక్కన మోకరించువారు, సంఘపు లెక్కలు వ్రాయువారు, ఆరాధనకు ముందుగా వచ్చి చాపలు పరచువారు, పేరు తెలియని గ్రామములో పదుగురు విశ్వాసులను కాపాడుకొనుచున్న ఉపదేశకులు, వీరందరు బారూకు వంశమువారే. వీరికి తరచుగా కలుగు ఒక రహస్యమైన నొప్పి కలదు. ఆ నొప్పిని గూర్చియే నేడు ధ్యానింతము.

1. దేవుడు వినిన నిట్టూర్పు

బారూకు సామాన్య కుటుంబమువాడు కాడు. అతడు నేరీయా కుమారుడు, మహసేయా మనుమడు. అతని సహోదరుడైన శెరాయా సిద్కియా రాజు వెంట బబులోనునకు వెళ్లిన అధికారి. చదువు, వంశము, పరిచయములు అన్నియు ఉన్నవాడు బారూకు. రాజనగరులో ఒక మంచి స్థానము అతనికి దొరకుట అసాధ్యము కాదు. అట్టివాడు ఎవరి చెంత చేరెను? యెరూషలేములో అందరును ద్వేషించిన ఒక ప్రవక్త చెంత చేరెను. అన్న రాజు వెంట నడచుచుండగా తమ్ముడో, తమ్ముడు రాజు వెంట నడచుచుండగా అన్నయో, ఏదైనను సరే, బారూకు మాత్రము యిర్మీయా నోటి మాటలను వ్రాయుచు కూర్చుండెను.

యెహోయాకీము ఏలుబడిలో నాలుగవ సంవత్సరమది. అనగా సుమారు క్రీ.పూ. 605. అప్పటికి యిర్మీయా 23 సంవత్సరములుగా ప్రకటించుచు వచ్చిన మాటలన్నిటిని ఒక చుట్టలో వ్రాయింపుమని దేవుడు సెలవిచ్చెను. ప్రవక్త పలుకుచుండెను, లేఖికుడు వ్రాయుచుండెను. ఆ మాటలు ఎట్టివి? నాశనము, ఖడ్గము, కరవు, చెర. తన స్వంత పట్టణముమీద రాబోవు తీర్పును తన స్వంత చేతితో అక్షరము వెంట అక్షరముగా దింపవలసివచ్చెను. ఆ దినములలో అతని లోపల ఏదో విరిగిపోయెను. తనకు శ్రమ కలిగెననియు, యెహోవా తన నొప్పికి దుఃఖమును కూడ జతచేసెననియు, మూల్గి మూల్గి అలసితిననియు, నెమ్మది దొరకలేదనియు అతడు వాపోయెను.

ఈ సంగతిలో మనకొక ఆదరణ కలదు. బారూకు ఈ మాటలను ప్రజల యెదుట పలికినట్లు వ్రాయబడలేదు. ఒకవేళ పడకమీద పలికెనేమో, ఒకవేళ మనస్సులోనే అనుకొనెనేమో. అయినను దేవుడు ఆ మాటలను ఒక్కొక్కటిగా వినెను. నీవు ఇట్లు అనుకొనుచున్నావు కదా అని అతనికి తిరిగి చెప్పెను. సంఘము వినని నిట్టూర్పును సంఘపు ప్రభువు వినును. నీవు ఎవరికిని చెప్పుకొనలేక, చెప్పుకొనిన అహంకారి యందురేమో అని మ్రింగివేసిన ఆ మాట ఆయన చెవిని పడియేయున్నది. మనుష్యులు మనలను గుర్తింపవలెనని మనము ఆశపడునపుడు, నిజముగా మన ప్రాణము కోరునది ఇదియే కదా: ఎవరో ఒకరు నన్ను ఎరుగవలెను. బారూకు ఎరుగబడియుండెను.

2. గొప్పవాటిని వెదకవద్దు

అయితే వినిన దేవుడు బుజ్జగించి విడిచిపెట్టలేదు. నీ కొరకు నీవు గొప్ప సంగతులు వెదకుచున్నావా, వాటిని వెదకవలదు అని తేటగా చెప్పెను. వైద్యుడు పుండున్న చోటనే చేయి వేయును. బారూకు తన నొప్పికి చెప్పిన కారణము వేరు, దేవుడు చూపిన కారణము వేరు. పని ఎక్కువైనందున మాత్రమే అతడు అలసిపోలేదు. ఆ పనితోపాటు అతడు మరియొక బరువును మోయుచుండెను. ఈ పనివలన తనకు ఏదో కలుగవలెనన్న నిరీక్షణ ఆ బరువు. పరిచర్య మనలను అలయజేయును. కాని పరిచర్యలో కలిసిన పేరాశ మనలను కృంగదీయును. అలసటకు ఒక రాత్రి నిద్ర చాలును. కృంగుటకు నిద్ర చాలదు.

దేవుడు ఆ మందలింపునకు ముందుగా చెప్పిన మాటను మనము తరచుగా దాటిపోవుదుము. తాను కట్టినదానిని తానే పడగొట్టుచున్నాననియు, తాను నాటినదానిని తానే పెల్లగించుచున్నాననియు ఆయన సెలవిచ్చెను. ప్రియులారా, ఆ మాటలో కోపము మాత్రమే వినబడుచున్నదా? అందులో దుఃఖము వినబడుట లేదా? తాను కట్టిన ఇంటిని తన చేతులతోనే పడగొట్టుకొనవలసివచ్చిన గృహస్థుని గుండెను తలంచుడి. నాటి పెంచిన తోటను తానే పెల్లగించవలసివచ్చిన రైతును తలంచుడి. బారూకూ, నేను నా ఇంటిని పోగొట్టుకొనుచున్న దినమున నీవు నీ కొరకు మేడ వెదకుచున్నావా? దేవుడు అతనిని అడిగిన ప్రశ్న భావమిది. సేవకుడు తన యజమానుని దుఃఖమును చూచినపుడు తన జీతపు లెక్కను మరచును. మన దృష్టి మన పేరుమీద నిలిచినంత సేపు ఆయన ముఖము మనకు కనబడదు.

ఆయన ఇచ్చిన వాగ్దానము కూడ చిన్నదిగానే తోచును. అతడు వెళ్లు స్థలములన్నిటిలో అతని ప్రాణము దక్కునని మాత్రమే చెప్పబడెను. పదవి లేదు, సన్మానము లేదు. ఇల్లు నిలుచునని కూడ చెప్పబడలేదు. అయితే కొన్ని సంవత్సరములకు ఆ పట్టణము కాలిపోయినపుడు, గొప్పవాటిని వెదకినవారికి ఏవి మిగిలెను? రాజనగరు కాలిపోయెను. సిద్కియా కుమారులు అతని కన్నుల యెదుట చంపబడిరి, అతని కన్నులు పోయెను. బారూకు బ్రదికెను. చిన్నదిగా తోచిన వాగ్దానము ఆ దినమున రాజు కిరీటముకంటె గొప్పదాయెను.

3. కుంపటిలో కాలిన పని

ఈ మాటను దేవుడు బారూకుతో నాలుగవ సంవత్సరములో చెప్పెను. అయిదవ సంవత్సరము తొమ్మిదవ నెలలో అతనికి పరీక్ష వచ్చెను. యిర్మీయా మందిరమునకు పోలేని స్థితిలో ఉండెను గనుక బారూకే చుట్టను తీసికొనిపోయి ప్రజలకు వినిపించెను. తరువాత అధికారులకు వినిపించెను. నీవు దీనిని ఎట్లు వ్రాసితివని వారడుగగా, ఆయన పలుకగా నేను సిరాతో వ్రాసితినని జవాబిచ్చెను. ఎంత నిరాడంబరమైన జవాబు! పలుకు ఆయనది, సిరా నాది. పరిచర్యను గూర్చి ఇంతకంటె సరియైన నిర్వచనము నాకు తెలియదు.

ఆ చుట్ట రాజునొద్దకు చేరెను. చలికాలము, రాజు యెదుట కుంపటి మండుచుండెను. యెహూదీ మూడు నాలుగు భాగములు చదువగానే, రాజు లేఖికుని చాకుతో కోసి కుంపటిలో వేసెను. చుట్ట అంతయు కాలిపోవువరకు ఆలాగుననే జరిగెను. ముగ్గురు అధికారులు వలదని వేడుకొనినను అతడు వినలేదు. ఎన్నో దినముల శ్రమ చలికాచుకొను మంటకు వంటచెరకాయెను. బారూకు అప్పుడు అక్కడ లేడు. యెహోవా అతనిని, యిర్మీయాను దాచియుండెను.

మనము బారూకు స్థలములోనున్నయెడల ఏమి చేసియుందుము? నేనైతే ఇక చాలుననియుందును. అయితే దేవుడు మరియొక చుట్ట తీసికొని మునుపటి మాటలన్నియు మరల వ్రాయుమని సెలవియ్యగా, బారూకు మరల కూర్చుండెను. మొదటినుండి వ్రాసెను. అట్టి మాటలు అనేకములు దానికి కలుపబడెనని 36వ అధ్యాయపు చివరి వచనము తెలుపుచున్నది. ఈసారి అతడు మూల్గినట్లు వ్రాయబడలేదు.

మొదటి చుట్టను వ్రాసినవాడు తన కొరకు గొప్పవాటిని వెదకుచుండెను. రెండవ చుట్టను వ్రాసినవాడు అప్పటికే దేవుని మాట విని యుండెను. చేయి ఒకటే, సిరా ఒకటే, మాటలును అవే. మారినది హృదయము. గుర్తింపును కోరి చేసిన పనిని కాల్చివేసినయెడల మనుష్యుడు కూడ దానితో కాలిపోవును. దేవుని ఆజ్ఞకు లోబడి చేసిన పనిని కాల్చివేసినను, ఆజ్ఞ కాలదు గనుక ఆ మనుష్యుడు మరల కూర్చుండగలడు. మన పరిచర్య దేనిమీద నిలిచియున్నదో కుంపటి చూపించును.

మన చేతిలోని గ్రంథము

ప్రియులారా, ఈ చుట్ట కథను తెలుగువారమైన మనము మరింత శ్రద్ధగా వినవలెను. మన భాషలో దేవుని వాక్యము వచ్చిన విధము కూడ ఇట్టిదే.

బెంజమిన్ షుల్జ్ అను జర్మను దైవసేవకుడు 1719లో తరంగంబాడికి వచ్చెను. 1726లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకొనెను. 1732 నాటికి బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. ఆ అనువాదము బైబిలుగా అచ్చుకు రాలేదు. 1743లో ఆయన స్వదేశమునకు మరలిపోయెను. ఆయన సంవత్సరముల తరబడి వ్రాసిన ఆ వాక్యమును తెలుగు సంఘములు చేతపట్టుకొని చదువలేదు.

అటుపిమ్మట 1805లో జార్జి క్రాన్, అగస్తస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరు యువసేవకులు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి అనువాదములో వారికి తోడ్పడెను. 1809లో క్రాన్ మరణించెను. 1810లో డెస్‌గ్రాంజెస్ మరణించెను. వారి శ్రమ ఫలముగా మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యెను. ఆ అచ్చు ప్రతిని వారిద్దరిలో ఒక్కడును చేతపట్టలేదు. వారి వెనుక వచ్చిన ప్రిచ్చెట్ తెనిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో ముద్రింపబడెను. సంపూర్ణ బైబిలు తెలుగువారి చేతికి వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టెను.

నేడు మన ఇండ్లలోని బైబిలు అట్టమీద వీరి పేర్లు లేవు. ఉండవలసిన అవసరమును లేదు. అయినను ప్రతి ఉదయము మనము ఆ గ్రంథము తెరచునపుడు, తన శ్రమ ఫలమును చూడకయే పోయిన ఎవరో ఒకరి ప్రయాసములో మనము ప్రవేశించుచున్నాము. విత్తువాడొకడు, కోయువాడొకడు అని ప్రభువు సమరయ బావి యొద్ద శిష్యులకు నేర్పిన సత్యమిదే. కోతకు వచ్చినవారము మనము విత్తుటకు మాత్రము సిగ్గుపడుదుమా?

ఒక అవ్వ నేర్పిన పాఠము

నా స్వంత సిగ్గును కూడ ఒకటి చెప్పుటకు సెలవిండు. చాల సంవత్సరముల క్రిందట ఒక సంఘపు జయంతి సంచికకొరకు చరిత్ర సేకరించు పని నాకు అప్పగింపబడెను. ఎండలో గ్రామములు తిరిగి, వృద్ధులను అడిగి, పాత రిజిస్టర్లు చూచి వ్రాసితిని. సంచిక అచ్చయి వచ్చినపుడు అందులో ఎందరో పెద్దల ఛాయాచిత్రములున్నవి, నా పేరు మాత్రము ఎక్కడను లేదు. ఆ ప్రతిని పెట్టె అడుగున పడవేసితిని. తరువాతి రెండు ఆదివారములు నేను చెప్పిన ప్రసంగములలో మాటలుండెను గాని జీవము లేదు. ఎవరికిని ఏమియు చెప్పలేదు. కాని నా భార్యకు తెలిసెను, నా దేవునికిని తెలిసెను.

ఆ వారములోనే మందిరము ఊడ్చు ఒక అవ్వ మా ఇంటికి వచ్చెను. ఆమెకు చదువు రాదు. ముప్పది సంవత్సరములకు పైగా ఆ మందిరమును ఊడ్చి, దీపములు తుడిచిన చేతులు ఆమెవి. "అయ్యగారూ, ఆ పుస్తకంలో మా పల్లె సంగతి ఉందంట గదా, కాస్త చదివి పెట్టండి" అని అడిగెను. పెట్టె తెరచి, ఆ సంచికను తీసి, ఆమె పల్లెను గూర్చిన పేరాను చదివితిని. మొదటి బాప్తిస్మములు ఏ చెరువులో జరిగెనో, మొదటి పాకను ఎక్కడ వేసిరో అందులో ఉండెను. ఆమె చెంగుతో కన్నులు తుడుచుకొనెను. "ఎవరు రాశారోగాని బాబూ, ఆ చేతిని దేవుడు దీవించాలి" అనెను.

నేను తల ఎత్తలేకపోతిని. ఆ అవ్వ తన పేరు అందులో ఉన్నదా అని అడుగలేదు. ఆమె పేరును అందులో లేదు. దానిని వ్రాసినవాడను నేనే. ఆమె పేరు చేర్చుట నాకు తోచనే లేదు. నన్ను మరచిన వారిమీద కోపగించుకొనిన నేను, ప్రతి ఆదివారము నా పాదములక్రింద శుభ్రమైన నేలను ఉంచిన ఒక దాసురాలిని మరచితిని. ఆ రాత్రి నేను నా ప్రభువు యెదుట మోకరించి క్షమాపణ అడిగితిని. మరునాడు వెళ్లి ఆ అవ్వను కూడ అడిగితిని. ఆమె నవ్వి, "నా పేరు రాయాల్సినచోట రాసే ఉంది, అయ్యగారూ" అనెను.

రెండు హెచ్చరికలు

ఈ వర్తమానమును అపార్థము చేసికొనకుండునట్లు రెండు సంగతులు చెప్పవలెను.

మొదటిది: గుర్తింపు కోరకుండుట వేరు, ఇతరులను గుర్తింపకుండుట వేరు. మొదటిది కృప, రెండవది పాపము. అపొస్తలుడైన పౌలు తన కొరకు మెప్పు వెదకలేదు; అయితే రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో ఫీబేను మొదలుకొని ఎందరినో పేరు పేరున తలంచి, ఒక్కొక్కరి ప్రయాసను జ్ఞాపకము చేసెను. ఆ పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు కూడ తన వందనములు చెప్పుకొనుటకు అక్కడ చోటు దొరకెను. సంఘపెద్దలారా, మీ ఉపదేశకునికి, మీ పాటలు నడిపించువారికి, మీ గంట కొట్టువానికి మీరు కృతజ్ఞత చెప్పి ఎన్ని దినములాయెను? పనివాడు జీతమునకు పాత్రుడని ప్రభువే సెలవిచ్చెను. మరుగున పనిచేయుమని బోధించి ఆకలితో ఉంచుట సువార్త కాదు.

రెండవది: మరుగున ఉండుటయే పరిశుద్ధత కాదు. తన తలాంతును భూమిలో దాచిన దాసుడు కూడ మరుగుననే దాచెను. వినయము పేరిట పని మానుకొనుట బద్ధకమే. దేవుడు ముందుకు రమ్మని పిలిచినపుడు వెనుకకు తగ్గుటయు, వెనుక నిలువుమనినపుడు ముందుకు దూకుటయు, రెండును స్వచిత్తమే. బారూకు మందిరములో ప్రజలందరి యెదుట నిలిచి చదువవలసినపుడు నిలిచెను. దాగవలసినపుడు దాగెను. మరల వ్రాయవలసినపుడు వ్రాసెను. అతడు లక్ష్యపెట్టినది స్థలమును కాదు, ఆజ్ఞను.

నజరేతు వడ్లవాడు

కడపట మన ప్రభువును చూతము. ఆయన బోధింప మొదలుపెట్టినపుడు దాదాపు ముప్పది సంవత్సరముల వయస్సుగలవాడని లూకా తెలియజేయుచున్నాడు. అంతకుముందు సంవత్సరములలో లోకరక్షకుడు ఒక చిన్న ఊరిలో చెక్కతో పనిచేసెను. ఆయన చేసిన ఒక్క వస్తువును గూర్చియు సువార్తలు వ్రాయలేదు. అయినను ఆయన ఇంకను ఒక అద్భుతమును చేయకమునుపే, యొర్దాను నది యొద్ద తండ్రి ఆయనయందు తాను ఆనందించుచున్నానని ప్రకటించెను. ఎవరును చూడని ఆ సంవత్సరములను తండ్రి చూచియుండెను. రహస్యమందు చూచు తండ్రి అని ఆయన కొండమీద బోధించినపుడు, తానెరుగని సంగతి చెప్పలేదు.

డెబ్బదిమంది శిష్యులు దయ్యములు తమకు లోబడుచున్నవని సంతోషముతో తిరిగివచ్చినపుడు ఆయన వారి సంతోషమును మరియొక చోటికి త్రిప్పెను. మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నందుకు సంతోషించుడనెను. ప్రియ సహోదరీ, సహోదరుడా, నీ పేరు వ్రాయవలసిన పుస్తకము ఒకటున్నది. దానిని నీవు చేసిన పనులతో కాదు, ఆయన చిందించిన రక్తముతోనే వ్రాసిరి. ఏ రాజు చాకును దానిని కోయలేదు, ఏ కుంపటియు దానిని కాల్చలేదు. అక్కడ నీ పేరు ఉన్నయెడల ఇక్కడ ఏ ఫలకముమీద లేకపోయిన నీకేమి నష్టము?

కాబట్టి ఈ సంవత్సరారంభమున నిన్ను నీవు మూడు ప్రశ్నలు అడుగుకొనుము. ఈ పని దేవుడు నాకు అప్పగించినదేనా? ఎవరును మెచ్చుకొనకపోయినను రేపును దీనిని చేయుదునా? నా ప్రక్కన నాకంటె మరుగున పనిచేయుచున్న ఎవరినైనను నేను మరచితినా? మొదటి ప్రశ్నకు అవుననగలిగినయెడల మిగిలిన రెంటికి ఆయన కృప చాలును. నీ మొదటి చుట్ట కాలిపోయియుండవచ్చును. సిరాబుడ్డి ఇంకను ఎండలేదు. కూర్చుండుము, ఆయన పలుకుచున్నాడు.

ప్రార్థన: మా మూల్గులను వినుచున్న పరలోకపు తండ్రీ, మా కొరకు మేము వెదకుకొనిన గొప్పవాటిని నీ పాదములయొద్ద విడిచిపెట్టుచున్నాము. కాలిపోయిన మా పనిని చూచి కృంగిన మా చేతులను మరల బలపరచుము. మేము మరచిన నీ దాసులను మాకు జ్ఞాపకము చేయుము. నీ మెప్పే మాకు చాలునట్లు మా హృదయములను మార్చుము. నజరేతులో మరుగున జీవించి, కల్వరిలో మాకొరకు ప్రాణము పెట్టిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.